ఇతర వివరాలు

సంతనూతలపాడు దాటాక బస్సు కిటికీకి
తెల్లదుమ్ము పట్టడం మొదలవుతుంది.
నా సంచిలో ఒక ట్యాబ్, ఒక స్టాప్‌వాచీ,
సంతకం రానివాళ్ళ కోసం సిరా ప్యాడు.
తల దెబ్బల మీద మూడేళ్ళ పరిశోధనకి
మంజూరైన డబ్బులో
నా జీతం, ఈ బస్సు టిక్కెట్టు.

చీమకుర్తిలో ఆయన నలభై ఒకటో నంబరు.
పేరు రాయకూడదు.
మాలకొండయ్య అని ఇక్కడ రాస్తున్నాను,
ఇది ఆ కాగితం కాదు కనక.

క్వారీలో క్రేను వైరు తెగి, కొస తలకి తగిలింది.
రాయి కాదు, వైరే.
ఆ ముక్క పెంచలమ్మ ప్రతిసారీ సరిచేస్తుంది,
తిండి పెట్టిన రాయి మీద నింద పడకూడదన్నట్టు.

"కాయితాల పాప వచ్చిందే" అంటాడాయన.
నన్ను గుర్తుపట్టినందుకు మార్కులు లేవు.

ఐదు మాటలు చెప్తాను, సెకనుకొకటి:
గొడుగు. చింతపండు. నిచ్చెన. పావురం. పసుపు.
తర్వాత వందలోంచి ఏడు తీసేయమంటాను,
గడియారం గీయమంటాను.
అంకెలన్నీ ఒకవైపే కుప్పపోస్తాడు,
బ్లాకులెత్తిన లారీ ఒరిగినట్టు.
ఐదు నిమిషాలయ్యాక ఆ ఐదూ అడుగుతాను.

మొదటి నెల సున్నా.
ఆరో నెల, "ఏదో పండు".
ఇవ్వాలా వద్దా? పైవాళ్ళకి ఫోను చేశాను.
వద్దన్నారు.
ఏడాదికి ఒకటి, పసుపు.
పద్దెనిమిదో నెల
గొడుగు చింతపండు నిచ్చెన పావురం పసుపు
ఊపిరి తీసుకోకుండా, ఎక్కంలా.

పెద్ద డాక్టరు ఆ అంకె చూసి
మళ్ళీ స్కానింగు తీయించమన్నాడు.
ఒంగోలు నుంచి వచ్చిన ఫిల్ము వెలుతురుకి పెట్టి చూశాను.
నల్లటి దాంట్లో తెల్లచుక్కలు,
ఈ ఊరు ఓడలకెక్కించే రాయిలాగే.
అందంగా ఉందనుకున్నాను.
వెంటనే దించేశాను.

తర్వాతి నెల చెప్పకుండా ముందే వెళ్ళాను.
కొళాయి దగ్గర పెంచలమ్మ బిందె తోముతూ
గొడుగు, అంటోంది.
గోడ లోపలినుంచి ఆయన చింతపండు అనాలి.
అనకపోతే మళ్ళీ గొడుగు.
రాత్రి అన్నంలో ముద్దకొక మాటట,
పసుపు అన్నాకే చెయ్యి కడగాలట.
"నువ్వడిగినప్పుడు ఆయన తెల్లమొహం వేస్తే
నా పేణం ఉసూరుమంటదమ్మా.
తప్పేందీ?"

దీనికి శిక్షణలో ఒక పేరు చెప్పారు.
విరుగుడు కూడా ఇచ్చారు, రెండో జాబితా, సీలు కవర్లో.
కొడవలి. బెల్లం. కిటికీ. కుందేలు. నీలం.
చదివాను.
గడువయ్యాక ఆయన చాలాసేపు నా నోటికేసి చూశాడు,
తర్వాత వాకిట్లో ఆమెకేసి.
పెదాలు కదపొద్దని ఆమెకి నేనే చెప్పాను.
"గొడుగు" అన్నాడు.
సున్నా.

ఫారం అడుగున రెండు గీతల ఖాళీ, ఇతర వివరాలని.
'భార్య నేర్పిస్తోంది' అని రాశాను.
చదువుకుంటే నేరం మోపినట్టుంది.
కొట్టేశాను.
బస్సు వేళయింది, వేరే మాట దొరకలేదు,
అదే మళ్ళీ రాశాను.

మార్చి ముప్పై ఒకటికి డబ్బు అయిపోతుంది.
పొడిగించమని అడిగారు, ఢిల్లీ నుంచి ఉత్తరం లేదు.
వచ్చే నెల రానేమో, అన్నాను.
ఆయన తలూపాడు. విన్నాడో, మర్యాదకో.

పెంచలమ్మ బస్సుదాకా వచ్చింది,
కొంగు నోట కరుచుకుని, వేళ్ళు మడుస్తూ.
"కొడవలి, బెల్లం...
ఆ మూడోదేంది పాపా?
కుందేలు, నీలం తెలుసు. ఆ మూడోదే."

జాబితా బయట చెప్పకూడదు. సంతకం పెట్టాను.
కండక్టరు రైట్ అన్నదాకా ఆగి,
మోచెయ్యి ఆనించుకున్న చోట
దుమ్ముపట్టిన అద్దం మీద
వేలితో రెండుసార్లు కొట్టాను.