లాంచీ అద్దం

లాంచీ అమ్మేసిన రోజు
ఇంజను ఇచ్చాను, లంగరు ఇచ్చాను,
తాళ్లు, టైర్లు, ఆఖరికి గంట కూడా ఇచ్చేశాను.
దుర్భిణీని అవతలి దీవి ఓర్ఫెలీనా
రెండు బాతులిచ్చి పట్టుకుపోయింది.
చుక్కాని ముందుండే అద్దం మాత్రం ఊడదీసి
కంబళిలో చుట్టి భుజాన మోసుకొచ్చాను.

వంటింటి గోడకి బిగించాను దాన్ని,
గిన్నెలు తోమే తొట్టికి సరిగ్గా ఎదురుగా.
"నీకు పిచ్చి, ఎలియోదోరో" అంది హెర్మిందా,
అని, ఆల్చిప్పల ఫ్యాక్టరీ బస్సెక్కి వెళ్లిపోయింది.
ఇప్పుడు సంపాదన ఆవిడది,
గిన్నెలు నావి.

అద్దానికి కింద ఎడమ మూల ఓ గీత ఉంది.
ఏ ఏడో గుర్తులేదు, పొగమంచులో దారి తప్పిన సముద్రపు కాకి
ముక్కుతో పెట్టిన సంతకం.

ఉదయం ఆరు. కెటిల్ ఇంకా గుర్రుపెడుతోంది.
అవతలి దీవి లేదు.
ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు, చోటు కూడా లేదు.
ఏడింటికి నడుం ఒక్కటి వచ్చింది దానికి,
తలా కాళ్లూ లేకుండా
నీళ్ల మీద పచ్చగా తేలుతూ.
బంగాళాదుంపలు చెక్కుతున్నాను, ఊదారంగువి.
మూడో దుంపకి తుప్పర.
నాలుగో దుంపకి తుప్పర జల్లయింది.
ఐదో దుంపకి ఎండా వానా ఒకేసారి,
వెనక అడవిలో ఏ నక్కకో పెళ్లి.
ఆ పెళ్లికి తలంబ్రాల్లా వడగళ్లు,
రేకుల కప్పు మీద శనగలు పోసిన మోత,
కోళ్లు రెక్కలెత్తుకుని ఒకటే పరుగు.
ఆరో దుంప
సగం చెక్కుతో చేతిలోనే ఉండిపోయింది.

నలభై రెండేళ్లు ఈ అద్దంలోంచే చూశాను ఈ నీళ్లని.
అప్పుడు మబ్బంటే లెక్క.
ఎంత దూరంలో ఉంది, ఎంతసేపట్లో మీద పడుతుంది,
లోపల ఎందరు పిల్లలు, ఎన్ని బస్తాలు, ఎన్ని గొర్రెలు.
గల్ఫుకి అటువైపు కోర్కొవాదో మంచు కనబడితే
ఇవాళ్టికి గండం గడిచిందనుకునేవాణ్ణి.
సాయంత్రం అది దానిమ్మగింజ రంగుకి తిరుగుతుందని
నాకెవరూ చెప్పలేదు.
చెప్పినా వినే తీరికెక్కడ.

ఇప్పుడు ఉత్తరపు గాలి వస్తే రానీ.
బాకీ తీరిపోయాక అప్పులవాడు
వీధిలో ఎదురై కుశలం అడిగినట్టుంటుంది.
లోపలికి రా, పొయ్యి దగ్గర కూర్చో
అనాలనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం దాచను.
బట్టలారేసే పని కూడా నాదే గనక
ఓర్ఫెలీనా దండెం మీద ఓ కన్నేసి ఉంచుతాను.
వాన ముందు వాళ్ల దీవికొచ్చి గానీ మాకు రాదు.
ఆమె తెల్ల దుప్పట్లు లోపలికి పోయాయంటే
నా చేతిలో పదకొండు నిమిషాలు.
గడియారం పెట్టి మరీ చూశాను.
రేడియోలో వాతావరణం చెప్పేవాడు
ఆమె ముందు దిగదుడుపు.

పోయిన మంగళవారం ఆమె దుప్పట్లు తీయలేదు.
మబ్బొచ్చింది, తీయలేదు.
దీవి మాయమైంది, దుప్పట్లతో సహా.
నా చొక్కాలు, హెర్మిందా ఫ్యాక్టరీ గౌను, రెండు గలీబులు
నీళ్లు కక్కుతున్నా పట్టించుకోకుండా
సబ్బు చేతులతో అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను.
ముసురు ఒక్క క్షణం విడితే చాలు,
పొగగొట్టం చూద్దామని.
సన్నగా, దారంలా, పొగ.
ఊపిరి పీల్చుకుని మళ్లీ గిన్నెల్లో పడ్డాను.

శనివారం రేవులో గుడ్లబుట్టతో దిగింది.
"ఒంట్లో బాలేదా మొన్న?"
"నా ఒంటికేం! నీ దండెం చూసి మోసపోయాను.
నలభై ఏళ్లు సముద్రం మీద బతికినవాడు,
వాన వస్తుందంటే బట్టలుంచుతాడా అనుకున్నా.
రోజూ చూస్తాను, నీ దుర్భిణీలోంచే."

నేనేం మాట్లాడలేదు.
డజను గుడ్లు కొన్నాను, బేరమాడకుండా.

ఇవాళ దక్షిణపు గాలి.
ఆకాశం తోమిన గిన్నెలా ఉంది.
ఆమె దండెం ఖాళీ.
నా దండెం ఖాళీ.
తడిబట్టలు బుట్టలో, బుట్ట గుమ్మంలో.
అటునుంచి ఏదో తళుక్కుమంది, దుర్భిణీయే అయ్యుంటుంది.
చెయ్యి ఊపాను.
తొందరేముంది,
ముందు ఇంకో గుక్క మాతే తాగుదాం,
ఆ కొండ మొత్తం బయటికి రానీ.