రెండో పిల్ల

దీన్ని కొంగజపం అనకండి.
ఇక్కడ దొంగెవరూ లేరు.
బాంగ్వెయులు చిత్తడిలో, తేలే పాపిరస్ దుబ్బు మీద
బూడిదరంగు పక్షి.
ఎవరో విడిచిపోయిన పాంకోడు లాంటి ముక్కు,
కొసన కొక్కెం.
నీడ జరుగుతుంది, అది జరగదు.

ఉన్నట్టుండి ఒళ్ళంతా నీళ్ళ మీద కూలిపోతుంది.
గడ్డి, బురద, మీసాల చేప, అన్నీ ఒకే నోట.
తల విదిలించి
చేపని మాత్రం ఉంచుకుంటుంది.

దొంగంటే ఒకప్పటి కబాసోయే.
ఈ పిల్లల్నే గోనెలో వేసి అమ్మినవాడు.
ఇప్పుడు గూటికి కాపలా, నలభయ్యో రోజు.

రెండు గుడ్లూ పిల్లలయ్యాయి, ఐదు రోజుల తేడాతో.
పెద్దది తింటుంది. చిన్నది నోరు తెరుస్తుంది.
మిట్టమధ్యాహ్నం తల్లి నోటినిండా నీళ్ళు మోసుకొచ్చి
పెద్దదాని వీపు మీదే వంపింది.
కబాసో నడుముకి నీళ్ళ సీసా ఉంది.
ముట్టుకోకూడదని రూలు.
మూత తిప్పాడు, మళ్ళీ బిగించాడు.

గురువారం నోటుబుక్కులో
రెండు కొట్టేసి ఒకటి రాశాడు.

ఆ రాత్రి ఇంట్లో న్షీమా గిన్నె దించుతుంటే
"ముందు చిన్నోడికి పెట్టు" అన్నాడు.
చిన్నోడు పక్కింట్లో తినొచ్చాడట,
వద్దన్నాడు.