అడుగున్నర కిటికీ

కొత్తవాడ మూడో సందుల అరవై గజాల జాగ.
టేపు ఇంకో కొస బేతి అనసూర్య పట్టుకున్నది.
నేను అలవాటుగ గీసిన:
కిటికీ, నేల నుంచి మూడడుగుల ఎత్తున.

ఆమె కాగితం దిక్కు సరిగ చూడనే లేదు.
"మగ్గం గుంతల కూసున్నోళ్లకు
గంత ఎత్తుల ఆకాశమే కనబడ్తది బిడ్డా.
ఆకాశం నన్ను ఎన్నడన్న పలకరించిందా?
నాకు బజారు కావాలె."

వాన జల్లు కొడ్తదన్న. ఎలుకలొస్తయన్న.
దొంగ చెయ్యి పెడ్తడన్న.
ఓదెలు మేస్త్రి తాపీ కడుక్కుంట నవ్విండు.
"దొంగకు జంపఖాన తప్ప ఏం దొరుకుతదిగని,
ఒక్కసారి దిగి చూడు మేడమ్."

దిగిన.
గుంత చల్లగ ఉన్నది.
కాళ్లకు తొక్కుడు కర్రలు తగిలినయి.
సగం నేను భూమిల, సగం ఇంట్ల.
కూలగొట్టబోయే పాత మట్టిగోడకు
పెచ్చులూడి దానంతటదే పడ్డ సందు ఒకటి.
దాంట్లకెల్లి చూస్తే
కొత్తవాడంత మోకాళ్ల దాంక నడుస్తున్నది.

"ఆ నీలం పట్టీ చెప్పు పాల సమ్మయ్యది.
ఎడమ కాలు ఈడుస్తడు,
బాకీ అడగొచ్చిన నాడు ఈడ్వడు.
ఆ మెట్టెలు కొత్తయి, మొన్న శ్రావణంల పెండ్లైన పిల్లయి.
తల్లిగారింటికి పోయేటప్పుడు వినాలె వాటి సప్పుడు.
సద్దుల బతుకమ్మ నాడు పసుపు కాళ్లు లెక్కపెడ్త,
నూట పదకొండు కాడ తప్పిపోత.
కొందరి మొఖాలు నాకు ఎరుకనే లేవు.
వాన ముదిరితే రేడియో కంటె ముందు
గుంతల చెమ్మ ఊరుతది.
చెరువులు నిండినయని నాకు గట్లనే తెలుస్తది."

వేయిస్తంభాల గుడి కాడ
గైడు అందర్నీ పైకి చూడమంటడు.
నా చదువంత పైకి చూసుడే.

పాత గీత రబ్బరుతోని తుడిచిన.
నేల నుంచి ఆరంగుళాలు ఇడిచి, అక్కడ్నుంచి అడుగున్నర.
కాగితం మీద అది కిటికీలెక్క లేదు,
మరిచిపోయి ఇడిచిన ఖాళీలెక్క ఉన్నది.

ఇంట్లకొచ్చిన నాడే పక్కింటి పోరడు
బోర్ల పడుకొని లోపలికి చూసిండట.
ఆనాటి సంది ఆ సందుల వంగుడు అలవాటైంది.
నూలు తెచ్చేటోడు, కరెంటు బిల్లు కొట్టేటాయన,
ఓట్లప్పుడు లీడరు సుత.
నడుము వంగని దూస రాజయ్య మాత్రం
చేతికర్ర కొసతోని చువ్వల మీద రెండుసార్లు కొడ్తడు,
ఉన్ననని.
లోపలికెల్లి పలక రెండుసార్లు మోగుతది.

మొన్న ఫోను.
"సీసీ రోడ్డు మీద ఇంకో సీసీ రోడ్డేసిన్రు బిడ్డా.
అడుగు లేచింది."
టేపు తీస్కొని పోయిన. చెప్పులిడిచి గుంతల దిగిన.
నిజమే, మనుషులు ఇప్పుడు పిక్కల దాంకనే ఉన్నరు.
"కిటికీ లేపుదామా?"
"కిటికీ ఏం తప్పు జేసింది?
ఆ కాంట్రాక్టర్ని పట్కచ్చి గీడ కూసోవెట్టు."

కండె చుట్టుకుంటనే ఉన్నది.
చువ్వల అవతల ఒక నీలం పట్టీ,
ఈడ్వకుంట, సక్కగ, ఇటే వస్తున్నది.

"ఎంత బాకీ ఉన్నవ్?" అన్న నేను.