కిలో పద్దెనిమిది టాకాలు

అమావాస్య పోటు చూసుకుని
ఓడని బురదలోకి తోలేస్తారు భటియారీ ఒడ్డున.
ఇక అది లేవదు.
ముందు మంచాలు దిగుతాయి, తర్వాత పింగాణీ,
గొలుసులు, గడియలు, దిక్సూచి,
మునిగేవాళ్ళకి విసిరే నారింజరంగు చక్రాలు.
ఆఖరికి, ఎవరికీ అక్కర్లేక,
గోనెసంచుల్లో పుస్తకాలు.

మొతాలెబ్ మామ కొట్లో కాటా నాది.
అట్టలు చించి ఒక కుప్ప, కాగితం ఒక కుప్ప.
కథా కాకరకాయా ఏమీ తెలీదు కాటాకి,
బరువు చెబుతుందంతే.
"చదవకు, చించు" అంటాడు మామ.
చించేముందు ఒక్క పేజీ చూస్తే తప్పేముందని
మొదట్లో నేను ఒక్క పేజీయే చూశాను.

చుక్కల పట్టికలు దొరికాయి ఒక సంచిలో.
ఏ రాత్రి ఏ నక్షత్రం ఎంత ఎత్తునో, అన్నీ అంకెలే,
పన్నెండేళ్ళ కిందటి ఆకాశం, గడువు తీరిపోయింది.
దాని కింద వంటల పుస్తకం, కొరియా భాషట.
నాకొక్క అక్షరం రాదు గానీ
నలభై రెండో పేజీకి కారం అంటుకుని ఉంది.
ఆ వంటవాడి చెయ్యి ఎటు తిరిగేదో తెలిసిపోయింది.
నడిసముద్రంలో పన్ను పీకడం ఎలాగో
బొమ్మలు వేసి చెప్పే వైద్యగ్రంథం
(ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు),
దాన్నే ఆనుకుని, సిగ్గులేకుండా, ఒక ప్రేమకథ,
ముద్దు దగ్గర మూల మడిచి.
పింఛను చట్టం. చదరంగం.
తేనెటీగల పెంపకం.
అలల మధ్య తేనెటీగలతో ఎవరికి పనిపడిందో!
బడిలో ఒక్కో చదువుకి ఒక్కో గంట కొట్టేవాళ్ళు.
ఇక్కడ అందరూ ఒకే గోనెలో
ఈద్ ముందురోజు రైలు కప్పుమీది జనంలా
ఒకరి చెమట ఒకరికి పూసుకుంటూ.

ఖాలెక్ ఇనుము కోస్తాడు. రంగ్‌పూర్ వైపు మనిషి.
రవ్వలు పడి పడి కళ్ళు చింతనిప్పులు.
"ఓడని ఎలా కడతారో చెప్పేది ఏదైనా ఉందా,
ఇన్నేళ్ళూ విప్పడమే చూశాను" అన్నాడు.
వెతికాను. లేదు.
బొమ్మలు బాగున్నాయని తేనెటీగల్ని ఇచ్చాను.
పావుకిలోకి కాస్త తక్కువ, నాలుగు టాకాలు.
అక్షరాలు రాకపోయినా బొమ్మల వెంట నడిచి
వారం తిరక్కుండా వచ్చి
ఈగ తోటి ఈగకి పూలదారి ఎలా చెబుతుందో
కొట్టు మధ్యలో నిలబడి ఆడి చూపించాడు,
గుండ్రంగా, ఒళ్ళంతా వణికిస్తూ.
మామ కూడా నవ్వాడు.

మామ కూతురు హాస్నాకీ నాకూ తగువు మాత్రం
ఆఖరి పేజీలు ఊడిన హత్యకథ దగ్గర.
డిక్షనరీ మధ్యలో పెట్టుకుని
రెండు నెలలు చదివాం ఇంగ్లీషుని, గులకరాళ్ళ మీద నడిచినట్టు.
తోటమాలే చంపాడని నేను.
చచ్చినవాడు అసలు చావనేలేదని ఆమె.
పందెం ఒక ప్లేటు ఫుచ్కా.

వానాకాలం ఇంకో ఓడ వచ్చింది, తుప్పుతో సహా.
సంచిలో అదే పుస్తకం. చివరి పేజీలున్నాయి.
తలుపు దగ్గరికి జారేసి చదివాను.
ఇద్దరం ఓడిపోయాం.
రెండో అధ్యాయంలో టీ తెచ్చిపెట్టి
మళ్ళీ కనబడకుండా పోయిన ముసలామె!
ఆమె పేరు కూడా గుర్తుపెట్టుకోలేదు మేం.
హాస్నాకి చెప్పలేదు.
నువ్వే గెలిచావని ఫుచ్కా తినిపించాను.
ఆ పుస్తకాన్ని కాటా ఎక్కించలేదు.

అప్పట్నించీ ఏ సంచినైనా
అడుగుదాకా తడిమితేనే నాకు నిద్ర.

నిన్న అడుగున పిల్లల బొమ్మల పుస్తకం తగిలింది.
మందపాటి అట్ట, ఒక మూల పాలపళ్ళ గాట్లు.
ఇరవై రెండుమంది మగవాళ్ళు తిరిగిన ఓడలో
ఎవరు దాచుకున్నారో, ఏ దిండు కింద.
తూకానికి బాగా వస్తుంది. మామ చూస్తున్నాడు.
చొక్కాలో దోపుకున్నాను, ఖాలెక్ కోసం.

ఏడో పేజీలో ఒక ఓడ ఉంది.
చుట్టూ నిచ్చెనలు, నిచ్చెనల మీద మనుషులు,
ఎర్రరంగు ఇంకా
సగందాకానే వేశారు.