నవ్వా

అలెగ్జాండ్రియాలో చలికాలపు గాలివానని
నవ్వా అంటారు.
మన చెవికి అది నవ్వులా వినిపిస్తే
తప్పు మనదే.
సముద్రం రోడ్డెక్కి, ట్రాము పట్టాలు కడిగి,
మూడో అంతస్తు గోడలకి ఉప్పు పూసి పోతుంది.
ఆ చెమ్మ ముందుగా తెలిసేది
ఇన్షిరాహ్ మోకాళ్లకి,
తర్వాత ఆమె తబ్లాలకి.

తబ్లా అంటే మనమెరిగిన జంట కాదు.
ఒంటిది. గరాటు మెడ, కాల్చిన మట్టి,
మూతికి నైలు చేప తోలు.
పొలుసులు ఊడిన చోట అల్లికలా గీతలు,
తనని పట్టిన వలని చేప
ఒంటిమీదే దాచుకున్నట్టు.

"సంచి విప్పగానే కొట్టకు," అంటుంది
తెచ్చినవాళ్లతో.
"ఇప్పుడే లేచిన మనిషిచేత పాడిస్తావా?
ఉంగరం తియ్యి.
నూనె రాయకు, ఇది జుట్టు కాదు.
పొయ్యి దగ్గర పెట్టకు, రొట్టె కాదు.
మూల పడెయ్యకు, వాయిస్తూ ఉండు,
అరచేతి జిడ్డు తప్ప దీనికి వేరే మందు లేదు.
కారు డిక్కీలో వదిలేశావంటే మాత్రం
మళ్లీ నా మెట్లెక్కకు."

ఆపైన పదిహేను వాట్ల బల్బొకటి
వైరుతో సహా మెడలోంచి దూరుస్తుంది.
తోలు మెల్లగా బిగుస్తుంది.
వెలుగు లోపల నిండాక చూడాలి,
వెన్నెముక ఉన్న చోట ఇంకా
సన్నటి నల్లగీత.

వగీహ్ తెచ్చినదానికి అంచు పగిలింది.
పెళ్లిలో బల్లమీంచి పడిందట.
పడలేదు, ఎవరో విసిరారు.
పగులు తీరు ఆమెకి తెలుసు.
అడగలేదు.
ఇటుక పొడి, జిగురు, మూడు రోజుల ఓపిక.
పాత తోలు తడిపి వలిచింది.
కొత్తది బకెట్లో నానబెట్టిన సాయంత్రం
వాసన గురించి కిందింటావిడ
మెట్లమీద నిలబడి చాలాసేపు మాట్లాడింది.
తాడు బిగిస్తున్నప్పుడు ఇన్షిరాహ్
నాలుక పళ్లమధ్య పెట్టుకుంటుంది, బడిపిల్లలా.

"మునుపట్లాగే పలుకుతుందా?"
"లేదు.
బాగా పలుకుతుంది."

నిన్న రాత్రి నవ్వా వచ్చింది.
కరెంటు పోయింది.
అరమీద పదకొండు తబ్లాలు
ఒక్కసారే కళ్లు మూశాయి.
తోళ్లు సడలడం
ఆమెకి చీకట్లో వినబడిందనుకుంటాను.
దానికి చప్పుడుండదు,
ఉన్న నిశ్శబ్దం కాస్త జారుతుంది, అంతే.

ఒక్కొక్కటే తెచ్చి పరుపుమీద పేర్చింది.
ఇంట్లో ఉన్న దుప్పట్లు రెండూ కప్పింది.
జిగురు ఇంకా పచ్చిగా ఉన్న వగీహ్‌దాన్ని
పొట్టకి ఆనించుకుని
ఆ మిగిలిన జానెడు చోటులో ఒరిగింది.
పిల్లి కాసేపు పేచీ పెట్టి
బూట్లమీద పడుకుంది.

తెల్లారింది. వాన ఆగలేదు.
వేలికొసతో ఒక్కసారి తాకి చూసింది.
దుమ్ రాలేదు.
తక్ మాత్రం వచ్చింది,
జలుబు చేసిన గొంతుతో.

ఫరవాలేదని
టీకి నీళ్లు పెట్టింది.