బోర్లించిన గాజు

హబ్సిగూడ చౌరస్తాల మెట్రో దిగి
రోడ్డు దాటెటప్పటికి రాత్రి ఎనిమిదిన్నర.
పొద్దంత చదువుకున్నోళ్లు వాడి పెట్టిన గాజు సామాను
సింకు నిండ నాకోసం చూస్తుంటది.
బుడ్లు, గొట్టాలు, సన్న మూతి సీసాలు,
అడుగున పసుపు పట్టినవి, నీలం పట్టినవి,
ఏ రంగూ తేలక వట్టిగనే మిగిలినవి.

పదకొండేండ్ల సంది కడుగుతున్న.
ముందుగాల సబ్బు, తర్వాత నల్లా నీళ్లు,
ఆఖరుకు మూడుసార్లు శుద్ధి చేసిన నీళ్లు.
నిన్నటిది ఒక్క చుక్క మిగిలినా
రేపటి సీసా అబద్ధం చెప్తది.
ఈ సంగతి నాకెవరూ నేర్పలే,
చేతులకు తెలిసింది.

నఫీసా మేడం బల్ల మీద తెరిచిన నోటుబుక్కు.
కూడబలుక్కుంటె గని నాకు ఇంగ్లీషు రాదు,
అయినా ప్రతి పేజీ అడుగున
అదే మాట, దాని కింద అదే గీత.
అడిగితె నవ్వింది.
"ఫలితం లేదు అని రాసిన, చంద్రకళా."
"ఎన్ని దినాల సంది?"
"రెండేండ్ల నాలుగు నెలలు."
మా ఇంట్ల అయితె ఈపాటికి
పంచాంగం తిరగేస్తుండిరి.
ఆమె పేజీ తిప్పింది.

ఆమె పెంచేది చేపలను.
వేలెడంత లేవు, ఒంటి మీద చారలు.
గుండెల ముక్క కోస్తె
రెండు నెలలల్ల మళ్ల మొలుస్తదట.
"మనిషికెందుకు మొలువది?" అన్న.
"వాటిని అడుగుతున్నది అదే" అన్నది.

మా అక్క బిడ్డ సుజలకు
మూడు వారాలకోపారి ఎవరిదో రక్తం ఎక్కాలె.
ఎక్కినప్పుడల్లా అక్క గోడకు పెన్సిల్ గీత గీసేది.
నూరు దాటినంక
గోడకు సున్నమేసింది.

"మీ చేపలు మా సుజలకు పనికొస్తయా, మేడం?"
"రావు" అన్నది. అబద్ధమాడలే.
కొంచెమాగి,
"పై అంతస్తుల ఒకాయన రక్తం చదువుతున్నడు.
ఆయన సీసాలు కూడ నువ్వే కడుగుతున్నవ్."

ఆ రాత్రి పై అంతస్తు సీసాలు
నాలుగుసార్లు కడిగిన.

గండిపేట నీళ్లు తాగినోళ్లు
ఈ ఊరిడిచి పోలేరంటరు గద.
ఆ తియ్యదనం వరదల పుట్టింది.
మూసీ పొంగి ఇండ్లకిండ్లు ఎత్కపోయినంక
ఎవరో కూసోని లెక్కలేసిన్రు,
ఎంత వాన, ఎంత ఎత్తు, ఎన్ని రాళ్లు అని.
కండ్ల తడి ఆరకముందే ఏసి ఉంటరు.
మా అమ్మమ్మ ఆ లెక్కనే
రంజన్ల నింపుకొని
సల్లగున్నయనుకుంట తాగింది.

క్యాంటీన్ల అందరు భయపడతరు,
మెషిన్లొచ్చి మన కూడు గుంజుకుంటయని.
గాజు కడిగే మెషిన్ వచ్చింది కూడ,
మూలకు నిలబడి గురక పెడతది.
సన్న మూతి సీసాలు దానికి రావు.
ఇంకా రావు.

చూడుండ్రి, ఎంత చిన్న మాట!
రాలే అంటె తలుపేసినట్టు.
ఇంకా రాలే అంటె
అన్నం గిన్నె మీద మూత పెట్టి
లైటు ఆర్పకుండ కూసున్నట్టు.
మేడం ఫలితం లేదని రాసినకాడల్లా
ముందల ఒక ఇంకా పెట్టుకొని
నా అంతట నేను చదువుకుంట.

ఎన్నేండ్లకో తెల్వదు గని,
సుజల తన బిడ్డకు చెప్తది:
నా చిన్నప్పుడు మూడు వారాలకోపారి
సూది పొడిచి రక్తమెక్కిస్తుండిరే అని.
పిల్ల నమ్మదు.
ఊకో అమ్మా, కతలు చెప్పకు అంటది.
ఆ నమ్మకపోవుడే
నాకు కావాలె.

తెల్లారుగట్ల నాలుగు.
తెల్ల గుడ్డ మీద సీసాలన్ని బోర్లించిన.
చుక్కలు ఒక్కటొక్కటే జారుతున్నయి.
తార్నాక దిక్కునుంచి మొదటి బస్సు మోత.
పోయే ముందల
ఒక సీసాను లైటుకు ఎత్తిపట్టి చూసిన.
ఏం లేదు అండ్ల.
మంచిగున్నది.