తలకిందుల రాయి

ఇక్కడ గోడే పద్దుల పుస్తకం.

"నేను, మామ్‌కాన్, ఖచెరెస్ భార్యను,
ఏటి ఒడ్డు ద్రాక్షతోట మఠానికి రాసిచ్చాను.
బదులుగా ఏడాదికొక్క ఆరాధన,
మంచు కరిగే వారం, నా పేర, ఆచంద్రార్కం.
దీన్ని చెరిపినవాడికి
మూడువందల పద్దెనిమిది మంది పితరుల శాపం."

ఎవరూ చెరపలేదు.
ఏదో పాత భూకంపంలో గోడ జారితే
చదువురాని చేతులు మళ్లీ పేర్చాయి,
ఆమె రాయిని మాత్రం తలకిందులుగా.
దానికేం శాపమో రాయలేదు.

నేను గ్యుమ్రి నుంచి టేపుతో వచ్చాను, పగుళ్లు కొలవడానికి.
రెండు పలకల మధ్య సున్నమూ కంకరా కూరిన గోడ.
ముంగిలి మండపంలో నాలుగు కమానులు
రెండు చేతుల వేళ్లు ముడిపడ్డట్టు దాటుకుంటాయి.
నడినెత్తిన ఆకాశానికో కన్నం.
వాన లోపలే పడుతుంది, మంచూ అంతే.
నేలంతా సన్యాసుల సమాధులు.
లోపలికెళ్లే ప్రతి కాలూ తమను తొక్కాలని
వాళ్లే అడిగి పడుకున్నారట.
తడి బూట్లతో ఆ అణకువ మీద అటూ ఇటూ
మధ్యాహ్నం దాకా తిరిగాను.

రాయి రాయికీ ఓ గుర్తు,
సాయంత్రం కూలి లెక్కకు చెక్కుకున్నది:
కొక్కెం, నెలవంక, కాకి అడుగు.
కాకి అడుగువాడు దక్షిణపు గోడ సగంలో ఆగిపోతాడు.
ఆ పైన అంతా కొక్కెమే.
జ్వరమా, మంగోలుల గుర్రాలా, మేస్త్రీతో తగువా?
నా నోటుబుక్కులో దానికి గడి లేదు.

తాళాలామె పేరు షోఘిక్.
జేబునిండా పొద్దుతిరుగుడు గింజలు.
"ఫాదర్ నెలకోసారి వస్తాడు, వ్యాను దొరికితే.
తోట పోయింది, ఏరు పక్కకు జరిగింది.
అయినా బేరం బేరమే కదా.
ఆ వారం నేనే గట్టిగా చదువుతాను,
మెడ పట్టేసేదాకా."
గోడలో పూడ్చిన ఖాళీ కుండలు
ఆ గొంతును కాసేపు దాచుకుంటాయట.

"ఈసారి నువ్వు చదువు," అంది.
అక్షరం కడుపులో అక్షరం ఇరుక్కున్న లిపి అది,
నిటారుగా ఉన్నా నాకు కూడిరాదు.
"తల వంచు ముందు," అని పొట్టు ఉమ్మింది.

వంచాను. టోపీ పడిపోయింది.
మామ్‌కాన్ పేరు దొరకలేదు.
రాతి మూల, నాచు కింద,
కాకి అడుగు,
పైకి ఎగరబోతున్నట్టు తిరగబడి.

దీని కూలి అందిందో లేదో.